పేగు ఫైల్లో రాయని దగ్గు

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు వాళ్లకి పెద్ద జబ్బు చేస్తే మద్రాసే దిక్కు. పేరు 1996లోనే చెన్నైగా మారినా, ఆ ఊళ్లలో ఇప్పటికీ "మద్రాసులో చూపించాం" అనే అంటారు. పొద్దున్నే రైలెక్కి సెంట్రల్‌లో దిగితే రోడ్డు దాటగానే జనరల్ ఆస్పత్రి, ఆటో మాట్లాడుకుంటే ప్రైవేటు ఆస్పత్రులుండే గ్రీమ్స్ రోడ్డు. అలా వచ్చేవాళ్లలో పేగు పూత కేసులు తక్కువేం కాదు. నెలల తరబడి రక్తం, జిగట పడే విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం. ఊళ్లో మొదట అమీబా అన్నారు, తర్వాత మొలలన్నారు. చివరికి చెన్నైలో కొలనోస్కోపీ చేస్తే అల్సరేటివ్ కొలైటిస్ అనో, క్రోన్స్ వ్యాధి అనో తేలింది. ఓఎంఆర్ ఐటీ ఆఫీసుల్లో పనిచేసే తెలుగు కుర్రవాళ్లకీ ఈ జబ్బు కొత్త కాదు. ఎక్కువమందికి మొదలయ్యేది ఇరవైల్లో, ముప్పైల్లోనే.

ఈ రెండు జబ్బులనూ కలిపి ఐబీడీ అంటారు. ఒంట్లో రక్షణ కోసం ఉన్న కణాలే దారితప్పి పేగు గోడను పుండు చేస్తాయి. మందులు పడ్డాక మోషన్స్ కుదుటపడతాయి, మనిషి మళ్లీ పనిలో పడతాడు. ఏడాదికో రెండేళ్లకో దగ్గు పట్టుకుంటుంది. దగ్గొస్తే పేగు డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు? మెడికల్ షాపుకి వెళతారు, తగ్గకపోతే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళతారు. పేగు ఫైలు ఇంట్లోనే ఉండిపోతుంది.

ఓపీలో మరో తడబాటు భాష దగ్గర వస్తుంది. తెలుగువాళ్లు "ఆయాసంగా ఉంది" అంటే ఊపిరి అందడం లేదని అర్థం. తమిళంలో ఆయాసమంటే అలసట. డ్యూటీలో ఉన్న డాక్టరు నీరసమని రాసుకుంటుంది. పేగు పూత ఉన్నవాళ్లకి రక్తం తక్కువ ఉండటం, నీరసం మామూలే కాబట్టి ఆ మాట దగ్గర ఎవరూ ఆగరు. ఓ ఐరన్ మాత్ర కలుస్తుంది, అంతే. తర్వాత ఆవిడ "సళి ఇరుక్కా?" అని అడుగుతుంది, కఫం పడుతోందా అని. తెలుగు చెవికి అది "చలి"లా వినపడుతుంది. "లేదమ్మా, చలీ జ్వరం ఏం లేవు" అని జవాబు. కఫం సంగతి అక్కడితో పోయింది. ఏళ్ల తరబడి చెన్నైలో ఉంటున్నవాళ్లు నవ్వుకునే పొరపాట్లే ఇవి. కానీ ఐబీడీ రోగి విషయంలో ఆయాసం, కఫం అనే రెండు మాటలూ రాసుకోవాల్సిన చోటే జారిపోతున్నాయి.

ఎందుకంటే ఈ రోగి దగ్గుకి కారణం టీబీ కావచ్చు, పేగు కోసం వాడుతున్న మందు కావచ్చు, కాలి నుంచి కదిలి వచ్చిన రక్తపు గడ్డ కావచ్చు, లేదా పేగుని పట్టిన జబ్బే ఊపిరితిత్తుల్లోకి కూడా వచ్చి ఉండొచ్చు. వీటి వైద్యాలు ఒకదానికొకటి పొసగవు. ఒకదానికి స్టెరాయిడ్ ఇస్తే వారంలో మనిషి లేచి కూర్చుంటాడు, ఇంకోదానికి అదే స్టెరాయిడ్ ప్రాణం మీదికి తెస్తుంది. ఒకచోట కొత్త మందు మొదలుపెట్టాలి, ఇంకోచోట వాడుతున్నది ఆపాలి. ఎక్స్‌రేలో మచ్చ మాత్రం చాలాసార్లు ఒకేలా కనపడుతుంది. వీటిని విడదీయడానికి సీటీ స్కాన్ ఎంత అవసరమో, ఏ మందు ఏ నెలలో మొదలైంది, దగ్గు ఏ నెలలో వచ్చింది అన్న లెక్కా అంతే అవసరం. ఆ లెక్క మొత్తం ఒకచోట ఉండేది రోగి దగ్గర మాత్రమే.

ఒకే గొట్టం నుంచి పుట్టినవి

పేగుకీ ఊపిరితిత్తికీ చుట్టరికం ఏమిటనిపిస్తుంది. తల్లి కడుపులో నాలుగో వారంలో, ఆహారనాళం కాబోయే గొట్టం ముందు గోడ మీద చిన్న మొగ్గ ఒకటి లేస్తుంది. అది రెండుగా చీలి, కొమ్మలు వేసి ఊపిరితిత్తులవుతుంది. అంటే రెండూ ఒకే పొర నుంచి వచ్చినవి. పెద్దయ్యాక కూడా పోలికలు పోవు. రెండింటి లోపలి గోడకూ జిగురు తయారుచేసే కణాలున్నాయి. బయటి నుంచి వచ్చే తిండిని, గాలిని, సూక్ష్మజీవుల్ని రోజంతా తట్టుకోవాల్సింది ఈ రెండు గోడలే కాబట్టి, రక్షణ కణాలు రెండుచోట్లా కాపు కాస్తుంటాయి. పేగులో రెచ్చిపోయిన కణాలు రక్తంలో తిరుగుతూ తమకు తెలిసిన గోడలాగే ఉన్న శ్వాసనాళం గోడను కూడా పట్టుకుంటాయన్నది ప్రస్తుతం ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. పూర్తిగా తేలిన విషయం మాత్రం కాదు.

వైద్యులు దీన్ని గుర్తించడం కూడా ఆలస్యంగానే జరిగింది. క్రోన్స్ వ్యాధికి ఆ పేరు తెచ్చిన వ్యాసం 1932లో వచ్చింది. రాసింది న్యూయార్క్ డాక్టర్లు బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఓపెన్‌హైమర్. కీళ్లనొప్పులు, కళ్లెర్రబడటం, చర్మం మీద పుండ్లు, కాలేయ సమస్యలు పేగు జబ్బుతోపాటు వస్తాయని తర్వాత బాగానే తెలిసింది. ఊపిరితిత్తుల మీద గట్టిగా దృష్టి పడింది 1976లో. ఇంకే కారణమూ దొరకని శ్వాసనాళాల జబ్బుతో బాధపడుతున్న ఆరుగురు ఐబీడీ రోగుల గురించి అమెరికా వైద్యులు రాశారు. ఆరుగురే కదా అనిపించొచ్చు. కానీ ఆ తర్వాత చూడటం మొదలుపెట్టినవాళ్లకి కేసులు కనపడుతూనే ఉన్నాయి.

మనిషిని మంచాన పడేసేంత ఊపిరితిత్తి జబ్బు ఐబీడీలో అరుదే. ఈ మాట చెప్పకుండా భయపెట్టడం సరికాదు. కానీ తమకేం ఇబ్బంది లేదన్న రోగులనే కూర్చోబెట్టి గొట్టంలోకి ఊదించి చూసిన కొన్ని అధ్యయనాల్లో సగం మంది దాకా ఏదో ఒక లోపం బయటపడింది. గాలి వేగం తగ్గడమో, ఊపిరితిత్తి నుంచి రక్తంలోకి గాలి చేరే సామర్థ్యం తగ్గడమో. వీళ్లలో చాలామందికి అది ఎప్పటికీ జబ్బుగా మారకపోవచ్చు.

మధ్యలో సిగరెట్ సంగతి. "సిగరెట్ మానేశాకే నాకు పేగు పూత వచ్చింది" అనే మగవాళ్లు ఓపీల్లో తరచుగా తగులుతారు. అది వట్టి సాకు కాదు. మానేసినవాళ్లలో అల్సరేటివ్ కొలైటిస్ ఎక్కువగా కనపడటం నిజమే. క్రోన్స్‌లో మాత్రం సిగరెట్ జబ్బుని ముదరబెడుతుంది. ఏ రకం ఐబీడీ అయినా ఊపిరితిత్తులకు దానివల్ల ఒరిగేది నష్టమే.

ముందు టీబీ, ఎందుకంటే

తాంబరం లైనులో లోకల్ ట్రైను ఎక్కితే "తాంబరం శానటోరియం" అని ఓ స్టేషన్ వస్తుంది. 1928లో మొదలైన క్షయ ఆస్పత్రి పేరది. చేత్‌పట్‌లో 1956లో పెట్టిన టీబీ పరిశోధన కేంద్రం, శానటోరియంలో పడుకోబెట్టి ఇచ్చే మందులు ఇంట్లోనే ఉండి వాడినా అంతే బాగా పనిచేస్తాయనీ, ఇంట్లోవాళ్లకి దానివల్ల ముప్పు పెరగదనీ 1959లో లోకానికి చూపించింది. ప్రపంచమంతా టీబీ రోగుల్ని ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది ఆ మద్రాసు ఫలితాల తర్వాతే. అలాంటి ఊళ్లో, ప్రపంచ టీబీ రోగుల్లో దాదాపు నాలుగో వంతు ఉన్న దేశంలో, దగ్గుతో వచ్చిన ఐబీడీ రోగికి ముందు టీబీయే అనుమానించడం తొందరపాటు కాదు. అలా అనుమానించకపోతేనే తప్పు.

పైగా ఐబీడీకి వాడే మందులే టీబీకి తలుపు తీస్తాయి. మనలో చాలామంది ఒంట్లో టీబీ క్రిములు ఎప్పుడో చేరి నిద్రపోతుంటాయి. రక్షణ కణాలు వాటి చుట్టూ గూడు కట్టి బయటికి రాకుండా ఆపుతాయి. ఆ గూడు కూలకుండా పట్టి ఉంచే రసాయనాల్లో టీఎన్‌ఎఫ్ ముఖ్యమైనది. పేగు మంటను ఆర్పడానికి ఇచ్చే ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లు అడ్డుకునేది సరిగ్గా దాన్నే. ఇన్‌ఫ్లిక్సిమాబ్ 1998లో అమెరికాలో క్రోన్స్‌కి అనుమతి పొందింది. 2001లోనే ఆ మందు వాడినవాళ్లలో 70 టీబీ కేసుల లెక్క బయటికొచ్చింది. అందులో 48 మందికి మూడు ఇంజెక్షన్లు కూడా దాటకముందే జబ్బు తేలింది. 40 మందికి ఊపిరితిత్తుల బయట, అంటే లింఫు గ్రంథుల్లోనో ఒళ్లంతానో ఉంది. అందుకే ఈ ఇంజెక్షన్లు మొదలైన మూడు నాలుగు నెలల్లో వచ్చే జ్వరం, దగ్గు, రాత్రి చెమటలు చూసి "వైరల్ అయ్యుంటుంది" అని వదిలేయకూడదు. ఛాతీ ఎక్స్‌రే బాగుంటే టీబీ లేదని తేల్చేయడమూ కుదరదు.

ఇంజెక్షన్ మొదలుపెట్టే ముందు నిద్రపోతున్న టీబీ ఉందేమో చూడాలి. ఇక్కడ వచ్చే చిక్కు పుస్తకాల్లో కనపడదు. మాంటూ పరీక్షలో ముంజేతి మీద చర్మంలోకి చుక్క మందు ఎక్కించి, 48 నుంచి 72 గంటల మధ్య చూడాలి. సోమవారం మద్రాసులో సూది వేయించుకున్న గూడూరు మనిషి బుధవారమో గురువారమో చెయ్యి చూపించడానికి మళ్లీ రైలెక్కాలి. ఒకరోజు పని పోతుంది, తోడు రావాల్సినవాళ్లకీ పోతుంది. కాబట్టి ఫోన్‌లో ఫొటో తీసి పంపిస్తారు. ఫొటోలో ఎరుపు కనపడుతుంది. కొలవాల్సింది ఎరుపుని కాదు, వేలితో తడిమితే తగిలే గట్టి ఉబ్బుని. పెన్నుతో అంచులు గుర్తుపెట్టి, స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాయాలి. ఈ పని ఊళ్లో పీహెచ్‌సీ డాక్టరు కూడా చేయగలరు, చీటీ రాసిస్తే చాలు. అంత చిన్న చీటీ రాయకపోవడం వల్ల పరీక్ష చేసీ చేయనట్టే అవుతుంది. ఇగ్రా అనే రక్తపరీక్షకు ఈ తిరుగుడు లేదు, ఖర్చు మాత్రం ఎక్కువ. అప్పటికే స్టెరాయిడ్లు వాడుతున్నవాళ్లలో రెండూ తప్పుగా నెగెటివ్ రావచ్చు. అందుకని డాక్టర్లు పాత ఎక్స్‌రే, ఇంట్లో ఎవరికైనా టీబీ వచ్చిందా అన్న సంగతి కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకి పరువు చూసుకుని "లేదండీ" అనేవాళ్లు ఇంకా ఉన్నారు. నిద్రపోతున్న టీబీ తేలితే దాని మందు కనీసం నెల రోజులు వాడాకే ఇంజెక్షన్ మొదలుపెడతారు.

"చిన్నప్పుడు బీసీజీ వేయించారు కదా" అనే ధీమా కూడా పనికిరాదు. 1968లో మొదలై చెంగల్పట్టు జిల్లాలో లక్షలమంది మీద జరిగిన పరీక్షలో, పెద్దవాళ్ల ఊపిరితిత్తుల టీబీని ఆ టీకా ఆపలేదని తేలింది. చెన్నైకి గంట దూరంలో దొరికిన జవాబు అది.

కఫం డబ్బా విషయంలోనూ చిన్న మెలకువ ఉంది. పొద్దున లేవగానే నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, ఛాతీ లోపల్నుంచి దగ్గి తీసిన చిక్కటి కఫం కావాలి. సిగ్గుపడి ఆస్పత్రి వరండాలో ఓ మూల నిలబడి ఉమ్మిన నురగ ఉమ్ముతో, కఫంలో టీబీ క్రిమిని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ యంత్రం రెండు గంటల్లో చెప్పే "నెగెటివ్"కి విలువ లేదు.

కథ ఇక్కడ ఇంకో మలుపు తిరుగుతుంది. మన దేశంలో పేగు టీబీకీ క్రోన్స్‌కీ తేడా కనిపెట్టడమే కష్టం. రెండూ చిన్నపేగు పెద్దపేగుని కలిసే చోటే ఎక్కువగా పుండు చేస్తాయి, బయాప్సీలో రెండింటిలోనూ గ్రాన్యులోమాలు, అంటే రక్షణ కణాలు ముద్దగా కట్టిన గూళ్లు, కనపడతాయి. అనుమానం తీరనప్పుడు ముందు టీబీ మందులు ఇచ్చి, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ కొలనోస్కోపీ చేస్తారు. పుండు మానితే టీబీ. నొప్పి తగ్గిందన్న మాట ఒక్కటీ చాలదు, క్రోన్స్ రోగికి కూడా కొంతకాలం తెరిపి ఇచ్చినట్టు ఉంటుంది. ఇలాంటి సందిగ్ధంలో ఊపిరితిత్తిలో మచ్చ కనపడితే అందరూ "హమ్మయ్య, టీబీయే" అనుకుంటారు. చాలాసార్లు నిజమే. అయితే క్రోన్స్ కూడా అరుదుగా ఊపిరితిత్తుల్లో గ్రాన్యులోమాలు కడుతుంది. క్రిమి ఎక్కడా దొరక్క, టీబీ మందులు నెలలు వాడినా మచ్చ కదలకపోతే, మొదటి నిర్ధారణనే మళ్లీ ప్రశ్నించాలి.

టీబీ నిజంగానే వచ్చి, ఐబీడీ కూడా ఉన్నవాళ్లకి ఇంకో ఇబ్బంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ కాలేయాన్ని చురుకు చేసి ప్రెడ్నిసొలోన్ స్టెరాయిడ్‌ను త్వరగా విరిచేస్తుంది. అదే మోతాదు మింగుతున్నా ఒంటికి అందేది తగ్గుతుంది. పేగు మళ్లీ రక్తం కారుస్తుంది. రోగి మాత్రం "టీబీ మందు పడలేదు" అని మానేస్తాడు. రెండు జబ్బుల్లోనూ ఇంతకన్నా చెడ్డ నిర్ణయం ఉండదు.

"ఈస్నోఫీలియా" అన్నప్పుడు

పేగు పూత ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఏళ్లపాటు మింగే మాత్ర మెసలమీన్. దాని తాత సల్ఫసలజీన్, స్వీడన్ వైద్యురాలు నానా స్వార్జ్ కీళ్లవాతం కోసం తయారుచేయించిన మందు. పెద్దపేగులో బాక్టీరియా దాన్ని రెండు ముక్కలు చేస్తే, ఒకటి సల్ఫా మందు, రెండోది మెసలమీన్. పడకపోవడం చాలావరకు సల్ఫా ముక్కతోనే వస్తుంది కాబట్టి మెసలమీన్‌ను ఒంటికి మెత్తని మందుగా చూస్తారు. నిజంగా మెత్తనిదే. కానీ అరుదుగా రెండు మందులూ ఊపిరితిత్తుల్లో వాపు తెస్తాయి. మొదలుపెట్టిన కొన్ని వారాల నుంచి నెలల్లో పొడిదగ్గు, జ్వరం, ఆయాసం వస్తాయి. ఎక్స్‌రేలో రెండు వైపులా మచ్చలు, చాలామందికి రక్తంలో ఈసినోఫిల్ అనే ఒక రకం తెల్లకణాలు ఎక్కువ.

ఈసినోఫిల్ అనగానే తెలుగు ఇళ్లలో ఒక జవాబు సిద్ధంగా ఉంటుంది. "ఈస్నోఫీలియా". ఆడవాళ్లు, మగవాళ్లు, ఆర్‌ఎంపీలు అందరూ వాడే మాట, దగ్గుకీ పిల్లికూతలకీ ఊరుమ్మడి పేరు. దానికి కారణం లేకపోలేదు. ఫైలేరియా ఉన్న కోస్తా జిల్లాల్లో రాత్రిపూట దగ్గుతో, రక్తంలో ఈసినోఫిల్స్ వేలల్లో పెరిగే ట్రాపికల్ ఈసినోఫీలియా నిజమైన జబ్బే. ఫైలేరియాకి ఇచ్చే డీఈసీ మాత్రలు మూడు వారాలు వాడితే తగ్గుతుంది. అందువల్ల మెసలమీన్ వాడుతున్న మనిషి రక్తపరీక్షలో ఆ కణాలు పెరిగితే, ఊళ్లో డీఈసీ ఇచ్చేస్తారు, మెసలమీన్ మామూలుగా నడుస్తూనే ఉంటుంది. దగ్గు తగ్గదు. డాక్టరు పర్యవేక్షణలో మెసలమీన్ ఆపి చూస్తే కొన్ని రోజుల్లో, వారాల్లో తేడా తెలుస్తుంది. బాగా ఆయాసపడుతున్నవాళ్లకి కొన్నాళ్లు స్టెరాయిడ్ కూడా ఇస్తారు.

అదే ఈసినోఫిల్ లెక్క వెనక మూడో శత్రువు కూడా దాగి ఉండొచ్చు. స్ట్రాంగిలాయిడ్స్ అనే సన్నటి నులిపురుగు, చెప్పుల్లేని కాళ్ల చర్మంలోంచి ఒంట్లోకి దూరేది. కొందరిలో అది పేగులో చేసే గోల అచ్చం కొలైటిస్‌లాగే ఉంటుంది. దాన్ని చూడకుండా స్టెరాయిడ్లు ఇస్తే పురుగులు లెక్కలేనంతగా పెరిగి ఊపిరితిత్తుల మీదికి దండెత్తుతాయి. పొలం పనులు చేసే రోగికి ఈసినోఫిల్స్ ఎక్కువుంటే స్టెరాయిడ్‌కి ముందు మలపరీక్ష అడిగే డాక్టరు చాదస్తపు మనిషి అనుకోకూడదు.

ఐబీడీకి వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ అనే మందు కూడా పొడిదగ్గు, జ్వరంతో ఊపిరితిత్తి వాపు తెస్తుంది. దానికి ఆపడమే మొదటి వైద్యం. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు రెండు మూడు రకాలు కలిపి వాడుతున్నవాళ్లలో న్యూమోసిస్టిస్ అనే ఫంగస్ నిమ్ము రావచ్చు. అందుకే కొందరికి ముందు జాగ్రత్తగా కోట్రిమాక్సజోల్ రాస్తారు. ఫ్లూ, న్యూమోకోకల్ టీకాలు ఈ మందుల మీద ఉన్నవాళ్లు వేయించుకోవచ్చు. ప్రాణమున్న క్రిములతో చేసే టీకాలు మాత్రం అడక్కుండా వేయించుకోకూడదు.

రక్తం పోతోంది, గడ్డా కడుతోంది

ఐబీడీ ఉన్నవాళ్లకి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తికి చేరే ముప్పు మామూలు వాళ్లకన్నా రెండు మూడు రెట్లు. జబ్బు రేగినప్పుడు ఇంకా ఎక్కువ. ఒకపక్క విరేచనంలో రక్తం పడుతుంటే డాక్టరు పొట్టమీద హెపారిన్ సూది వేస్తున్నాడేంటని వార్డులో బంధువులు గొడవపడటం మామూలు దృశ్యం. ఆ సూది ఈ గడ్డ కోసమే. పేగు పూతకి ఇచ్చే టోఫాసిటినిబ్ మాత్ర, మన దగ్గర జనరిక్‌గా చవకగా దొరుకుతూ ఎక్కువగా వాడుతున్నది, రోజుకు రెండుసార్లు 10 మిల్లీగ్రాముల మోతాదులో గడ్డల ముప్పు పెంచుతుందని 2019లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. పిక్క ఒకవైపే వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు. ఎక్స్‌రే తరచుగా బాగానే ఉంటుంది. ఇది వారం తర్వాత అపాయింట్‌మెంట్‌కి ఆగే విషయం కాదు, ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

పేగు పోయినా పోని జబ్బు

టీబీ కాదని, మందు కాదని, గడ్డ కాదని తేలాక మిగిలేది అసలు జబ్బే. ఐబీడీ నేరుగా పట్టేచోట్లలో ముందు వరసలో ఉండేది శ్వాసనాళాలు. గాలి గొట్టాల గోడలు వాచి, కాలం గడిచేకొద్దీ వదులై వెడల్పవుతాయి. దాన్ని బ్రాంకియెక్టాసిస్ అంటారు. రోజూ పొద్దున కప్పు నిండా కఫం, దగ్గితే చాలు గళ్ల. ఊపిరితిత్తుల్ని సన్నటి పొరలుగా చూపే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్ ఫిల్ముని కిటికీ వెలుగుకి పట్టి చూస్తే, అడ్డంగా కోసిన గాలి గొట్టం ఓ ఉంగరంలా, దాన్ని ఆనుకుని ఉన్న రక్తనాళం ఉంగరానికి పొదిగిన రాయిలా కనపడుతుంది. మామూలుగా రెండూ ఇంచుమించు ఒకే సైజులో ఉండాలి. ఉంగరం రాయికన్నా పెద్దదైతే గొట్టం సాగిపోయినట్టు.

టీబీ తగ్గాక మిగిలే మచ్చల వల్ల కూడా బ్రాంకియెక్టాసిస్ వస్తుంది, మన దగ్గర అదే ఎక్కువ. దానికి కఫం తీసే వ్యాయామాలు, అవసరమైనప్పుడు యాంటీబయాటిక్స్. ఐబీడీ వల్ల వచ్చినదానికి ఇవి సగమే పనిచేస్తాయి. ఇందులో వాపు నడుస్తూనే ఉంటుంది కాబట్టి, పీల్చే స్టెరాయిడ్‌కి, అది చాలకపోతే మింగే స్టెరాయిడ్‌కి బాగా లొంగుతుంది. అంటే కఫం ఒకటే, స్కాన్ ఒకటే, వైద్యం వేరు. ఆ తేడా తెలియాలంటే రోగికి పేగు పూత ఉందని ఊపిరితిత్తుల డాక్టరుకి ఎవరో చెప్పాలి.

గొంతు కింద పెద్ద గాలి గొట్టం కూడా వాచి సన్నబడొచ్చు. గొంతు బొంగురుపోవడం, ఊపిరి పీల్చేటప్పుడు గరగర శబ్దం, ఉబ్బసం ఇన్‌హేలర్లకి ఏమాత్రం తగ్గకపోవడం దీని గుర్తులు. ఇది అరుదు, ప్రమాదకరం కూడా. గాలి గొట్టంలోకి కెమెరా దింపి, అంటే బ్రాంకోస్కోపీ చేసి చూడాల్సిందే. ఊపిరితిత్తి కండలో వచ్చేవాటిలో ఆర్గనైజింగ్ న్యుమోనియా ఒకటి. నిమ్ము అనుకుని యాంటీబయాటిక్ మార్చి మార్చి ఇస్తారు, తగ్గదు, స్టెరాయిడ్ ఇస్తే తగ్గుతుంది. మరొకటి గుండ్రటి గడ్డలు. బయాప్సీ చేస్తే నిండా చీము కణాలే, క్రిమి మాత్రం ఒక్కటీ ఉండదు. నడుమ గుల్లయితే ఎక్స్‌రేలో టీబీ గుహకీ దీనికీ తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు.

చెన్నైలో దగ్గుని వేరేవాటి మీదికి నెట్టేయడం కూడా తేలిక. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, గోడల చెమ్మ, బూజు. జనవరిలో భోగి పొగ. విమానాలు ఆలస్యమైన భోగులూ ఉన్నాయి. ఫ్యాక్టరీలుండే మనాలి, ఎన్నూరు వైపు ఉండేవాళ్లకి ఏడాది పొడవునా ఓ సాకు సిద్ధం. పొగ దగ్గు పొగతోపాటే పోవాలి. ఉగాది దాటినా కఫం పడుతుంటే ఆ లెక్క కుదరదు.

అన్నిటికన్నా వింతైనది ఆపరేషన్ తర్వాత వచ్చే దగ్గు. అల్సరేటివ్ కొలైటిస్‌లో మందులకి లొంగకపోతే పెద్దపేగు మొత్తం తీసేస్తారు. పేగు లేదు కాబట్టి పేగు పూతా లేదు. అప్పటిదాకా వాడిన స్టెరాయిడ్లు, మెసలమీన్ అన్నీ ఆగిపోతాయి. కొందరిలో కొన్ని వారాలకే, కొందరిలో ఏళ్ల తర్వాత, శ్వాసనాళాల జబ్బు అప్పుడే మొదలవుతుంది. పేగు కోసం ఇచ్చిన మందులు ఊపిరితిత్తులని కూడా అణచి ఉంచాయని, అవి ఆగాక జబ్బు బయటపడిందని కొందరి ఊహ. రెచ్చిపోయిన కణాలు పాత చోటు పోయాక కొత్త చోటు వెతుక్కున్నాయని మరికొందరిది. ఏది నిజమైనా రోగి స్థితి ఒకటే. మలం పట్టడానికి కడుపు మీద తగిలించిన సంచీ అలవాటైంది, లేదా చిన్నపేగుతోనే కొత్త సంచీ కుట్టారు, ఏళ్లుగా గ్యాస్ట్రో డాక్టరు ముఖం చూడాల్సిన పని లేదు. ఇప్పుడు దగ్గుతో ఊపిరితిత్తుల ఓపీలో కూర్చున్నాడు. "ఇంతకు ముందు జబ్బులేమన్నా ఉన్నాయా?" అంటే, "ఉండేదండీ, ఆపరేషన్‌తో పోయింది" అంటాడు. డాక్టరు షుగరు, బీపీ అని రాసుకుని ముందుకు పోతుంది. కొలనోస్కోపీ రిపోర్టు, ఆపరేషన్ కాగితాలు, మందులు ఆపిన తేదీలు అన్నీ ఉన్న ఆ పాత ఫైలు గూడూరులో, అటక మీద, బియ్యం సంచీలో మూటకట్టి ఉంటుంది.